గుండెజబ్బు ఒకటి కాదు

నాళం, కరెంటు, కవాటం, కండరం: చెడింది ఏదో తెలిస్తేనే చికిత్స అర్థమవుతుంది

క్యాథ్‌ల్యాబ్‌ అని పిలిచే చల్లని గదిలో, బల్ల మీద పడుకున్న మనిషి మెలకువగానే ఉండగా, కుడి మణికట్టు దగ్గర నాడి చూసే చోట మత్తుసూది వేసి, అక్కడి ధమనిలోంచి రెండు మిల్లీమీటర్ల మందమున్న మెత్తని గొట్టాన్ని వైద్యుడు భుజం మీదుగా గుండె మొదటి దాకా పంపుతాడు. గొట్టం చివర నుంచి కొన్ని మిల్లీలీటర్ల రంగుమందు వదలగానే, అంతవరకూ బూడిద పులిమినట్టున్న ఎక్స్‌రే తెర మీద ఆకులు రాల్చిన చెట్టులాంటి నల్లని ఆకారం ఒక్కసారిగా విచ్చుకుని, గుండె మూడు నాలుగుసార్లు కొట్టుకునేలోగా కరిగిపోతుంది. ఆ కొమ్మల్లో ఒకటి నరికినట్టు మధ్యలోనే ఆగిపోయిందంటే, రోగి ఛాతీ మీద బండ మోపినట్టున్న బరువుకు కారణం అక్కడే ఉందన్నమాట. కుట్టుదారమంత సన్నని తీగ ఆ అడ్డంకిని దాటుతుంది, తీగ మీదుగా వెళ్లిన బెలూను ఉబ్బుతుంది, బెలూనుకు చుట్టి ఉన్న, స్టెంటు అనే లోహపు జాలీ విచ్చుకుని నాళం గోడకు అతుక్కుంటుంది. మళ్లీ రంగుమందు వదిలినప్పుడు ఆ కొమ్మ చిట్టచివరి రెమ్మ దాకా నల్లగా నిండుతుంది. తలుపు బయట బెంచీ మీద, అడిగిన చోటల్లా సంతకం పెట్టి కూర్చున్న ఇంటివారికి మాత్రం లోపల ఏం జరుగుతోందో, అది ఎందుకు చేయవలసి వచ్చిందో, రేపటి నుంచి ఏం జాగ్రత్త పడాలో చాలాసార్లు సరిగ్గా తెలియదు.

వ్యాయామశాలలో, పెళ్లి బరాత్‌లో, ఆటస్థలంలో ఉన్నట్టుండి కుప్పకూలిన మనుషుల దృశ్యాలు కొన్నేళ్లుగా ఫోను నుంచి ఫోనుకు తిరుగుతున్నాయి. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్ల వయసులో కన్నుమూయడం, మరుసటి ఏడాది నటుడు నందమూరి తారకరత్న 40 ఏళ్లు నిండకుండానే మరణించడం తెలుగు ఇళ్లలో ఈ భయాన్ని మరింత దగ్గరకు తెచ్చాయి. ఇంత చర్చలోనూ వినిపించే మాట మాత్రం 'గుండెపోటు' ఒక్కటే. రక్తనాళం మూసుకుపోయినా, గుండె లయ తప్పి ఆగిపోయినా, కవాటం చెడి ఆయాసం వచ్చినా, కండరం బలహీనపడి కాళ్లకు నీరు చేరినా అన్నిటికీ ఆ ఒక్క పేరే పెట్టడం వల్ల, పరుగెత్తవలసిన చోట ఆగిపోవడం, నింపాదిగా ఆలోచించవలసిన చోట కంగారుపడి అప్పులు చేయడం అనే రెండు నష్టాలూ జరుగుతున్నాయి.

బావి మీద మోటారు

బావి కింద సేద్యం చేసే రైతు, మీట నొక్కినా నీళ్లు రావడం లేదంటే మోటారుకు జబ్బు చేసిందని సరిపెట్టుకోడు; కరెంటు సరిగ్గా వస్తోందా, ఫుట్‌వాల్వు పట్టడం లేదా, పైపులో చెత్త అడ్డం పడిందా, మోటారే కాలిందా అని ఒక్కొక్కటీ చూస్తాడు, ఎందుకంటే ఒక్కో లోపానికి పిలవవలసిన మనిషి వేరు, పెట్టవలసిన ఖర్చు వేరు. పిడికెడంత ఉండి సుమారు 300 గ్రాములు తూగే గుండెను కూడా ఇదే తీరున చూడాలి. నిమిషానికి దాదాపు ఐదు లీటర్ల రక్తాన్ని నెట్టే ఈ కండరంలో పైన కర్ణికలు అనే రెండు గదులు, కింద జఠరికలు అనే రెండు గదులు ఉంటాయి. రక్తం వెనక్కి మళ్లకుండా నాలుగు కవాటాలు తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. కుడి కర్ణిక పైభాగంలోని చిన్న కణాల ముద్దలో పుట్టే విద్యుత్‌ సంకేతం రోజుకు సుమారు లక్షసార్లు ఆ కండరాన్ని కొట్టిస్తుంది. గదుల నిండా ఎప్పుడూ రక్తమే ఉన్నా, గుండె తన ఆహారాన్ని దాదాపుగా ఆ గదుల్లోంచి తీసుకోదు. తనను పైనుంచి తీగలా అల్లుకున్న కరోనరీ ధమనుల మీదనే అది ఆధారపడుతుంది. జనం 'గుండె నరాలు' అని పిలిచేది వీటినే. మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ నాళాల్లోనే మన కాలపు గుండెజబ్బులో అత్యధిక భాగం పుడుతోంది.

[బాక్సు] భీమవరం బిడ్డ, గుండె ఇంధనం
గుండె కండరం ఖర్చు పెట్టే శక్తి అణువు పేరు ఏటీపీ. దీన్ని కండరాల్లో గుర్తించి 1929లో ప్రకటించిన వారిలో, 1895లో భీమవరంలో పుట్టి అమెరికాలోని హార్వర్డ్‌లో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన సహచరుడు సైరస్‌ ఫిస్క్‌ ఉన్నారు. గుండె ఈ ఇంధనాన్ని దాచుకోలేదు కనుక అప్పటికప్పుడు తయారుచేసుకుంటూ, ఒక్క రోజులో సుమారు ఆరు కిలోల ఏటీపీని తయారుచేసి ఖర్చు పెట్టేస్తుంది. నాళం మూసుకుపోయిన కొద్ది నిమిషాలకే కండరం ఎందుకు విలవిలలాడుతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

నాళం మూసుకుపోతే

కరోనరీ ధమని లోపలి గోడలో కొవ్వు, కణాలు, సున్నం కలిసి ఏళ్ల తరబడి పేరుకునే పూడికను వైద్యులు ప్లాక్‌ అంటారు, రోగులు బ్లాకు అంటారు. ఈ పూడిక నాళాన్ని సుమారు 70 శాతం ఇరుకు చేసేసరికి, కూర్చున్నప్పుడు చాలినంత రక్తం మెట్లెక్కేటప్పుడు చాలదు. ఛాతీ పట్టేసినట్టయి, ఆగి నిలబడితే ఐదారు నిమిషాల్లో తగ్గిపోయే ఆ నొప్పి పేరు ఆంజైనా. గుండెపోటు ఇంతకంటే భిన్నమైనది. పూడిక మీది పలుచని పొర ఒక్కసారిగా చిట్లినప్పుడు, చర్మం తెగిన చోట రక్తం గడ్డకట్టినట్టే అక్కడా గడ్డ కట్టి నాళాన్ని నిమిషాల్లో పూర్తిగా మూసేస్తుంది, ఆ నాళం మీద ఆధారపడిన కండరం అంచెలంచెలుగా చనిపోవడం మొదలవుతుంది. ఇలా చిట్లే పూడిక పెద్దదే కానక్కర్లేదు, అంతకు ముందు ఏ ఇబ్బందీ పెట్టని చిన్నది కూడా కావచ్చు; నిన్నటి దాకా బాగానే తిరిగిన మనిషికి ఇవాళ పోటు రావడానికి కారణం ఇదే, నిరుడు చేయించిన పరీక్ష బాగుందన్న ధీమా పూర్తిగా చెల్లకపోవడానికీ ఇదే కారణం.

తెలుగు ఇళ్లలో ఈ నొప్పికి మొదట దొరికే పేరు గ్యాసు. రాత్రి రెండు గంటలకు గుండెల్లో బరువుగా ఉందని లేచిన మనిషికి వాము నీళ్లు ఇవ్వడం, సోడా తాగించడం, వీపు రుద్దడం, తెల్లవారాక చూద్దామనుకోవడం దాదాపు ఒక ఆచారంలా సాగిపోతుంది. గుండెనొప్పి సినిమాలో చూపినట్టు ఎడమ రొమ్ము మీద చెయ్యి వేసుకునేలా ఉంటుందన్న నమ్మకం చాలా ప్రాణాలు తీసింది. నిజానికి అది ఛాతీ నడుమ బిగుతుగానో, మంటగానో మొదలై ఎడమ చేతికి, దవడకు, మెడకు, వీపుకు పాకుతుంది, కొందరిలో పొట్ట పైభాగంలోనే ఉండిపోతుంది. చల్లని చెమట, వాంతి, ఊపిరాడకపోవడం తోడైతే అనుమానం బలపడాలి. స్త్రీలలో, వృద్ధులలో, చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో నొప్పి అసలు లేకుండా ఆయాసం, నిస్సత్తువ మాత్రమే కనిపించవచ్చు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషి నీరసంగా ఉందంటే పనెక్కువై ఉంటుందని తేల్చేసే ఇళ్లలో స్త్రీల గుండెపోటు ఆలస్యంగా బయటపడటం యాదృచ్ఛికం కాదు.

ఇక్కడ గడియారమే మొదటి వైద్యుడు. ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతటా పాటించే నియమం; గుండె విద్యుత్తును కాగితం మీద గీతలుగా చూపే ఈ పరీక్షలో ఒక ప్రత్యేకమైన ఉబ్బు కనిపిస్తే, నాళం పూర్తిగా మూసుకుపోయిందని అర్థం. అనుమానం మిగిలితే, దెబ్బతిన్న గుండె కండరం నుంచి రక్తంలోకి కారే ట్రోపోనిన్‌ అనే ప్రోటీను పరీక్ష తేలుస్తుంది. రెండు గంటల్లోపు క్యాథ్‌ల్యాబ్‌ అందేటట్టుంటే నేరుగా బెలూను చికిత్స చేయడం మేలైన మార్గం. అంత దగ్గరలో లేనప్పుడు గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్‌, స్ట్రెప్టోకైనేజ్‌ వంటి సూదిమందును అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే ఇచ్చి, ఆ తరువాత పెద్దాసుపత్రికి పంపాలి. పాడేరు కొండల్లోనో, ఆదిలాబాద్‌ అడవి పల్లెల్లోనో ఉన్న మనిషికి నగరంలోని పేరున్న ఆసుపత్రి కంటే, ఈసీజీ యంత్రం, ఆ సూదిమందు, వాటిని వాడగల వైద్యుడు ఉన్న చిన్న ఆసుపత్రి ఎక్కువ విలువైనది. ఆస్పిరిన్‌ వంటి చవక మాత్ర సంగతీ ఇంతే: 17,187 మంది గుండెపోటు రోగుల మీద జరిగి 1988లో వెలువడిన ఐసిస్‌-2 అధ్యయనంలో, ఆస్పిరిన్‌ ఒక్కటే ఐదు వారాల్లో జరిగే మరణాలను 23 శాతం, గడ్డ కరిగించే మందుతో కలిసి 42 శాతం తగ్గించింది. దాన్ని మింగకుండా నమిలితే త్వరగా పనిచేస్తుంది. అయితే ఆ మాత్ర పడనివారు, రక్తస్రావపు జబ్బులున్నవారు ఉంటారు కనుక 108కు ఫోన్‌ చేసినప్పుడో, దగ్గరి వైద్యుణ్ని అడిగో వేసుకోవడం క్షేమం. రోగిని మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే పోటు వచ్చిన మొదటి గంటలోనే గుండె లయ తప్పి ఆగిపోయే అవకాశం ఎక్కువ, అప్పుడు కావలసిన షాక్‌ యంత్రం అంబులెన్సులోనే దొరుకుతుంది.

ఈ జబ్బు మనవాళ్లకు తొందరగా ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్‌ అధ్యయనం చాలావరకు జవాబిచ్చింది. పొగాకు, చెడు కొవ్వు, రక్తపోటు, మధుమేహం, బొజ్జ, మానసిక ఒత్తిడి వంటి తొమ్మిది కారణాలే పురుషుల్లో సుమారు 90 శాతం, స్త్రీలలో 94 శాతం ముప్పుకు మూలమని అది చూపింది. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53వ ఏట వస్తుండగా మిగతావారికి దాదాపు 59వ ఏట వస్తోందని కూడా ఆ సమాచారంలోనే తేలింది. మనకు వయసు కంటే ముందే ఈ కారణాలు పోగుపడుతున్నాయన్నది దీని సారాంశం. వంశంలో ఉందన్న మాట నిజమే కావచ్చు గాని, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది రక్తమొక్కటే కాదు, తాగే చుట్ట, తినే తిండి, నడవకపోవడం కూడా.

స్టెంటు ఎప్పుడు ప్రాణం నిలుపుతుంది?

గుండెపోటు జరుగుతున్న సమయంలో వేసిన స్టెంటు కండరాన్ని, ప్రాణాన్ని కాపాడుతుంది; ఇందులో రెండో మాటకు తావు లేదు. మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గే నిలకడైన ఆంజైనా సంగతి వేరు. సరైన మందులతో మొదలుపెట్టడం, మొదటే స్టెంటుకో బైపాస్‌కో వెళ్లడం అనే రెండు దారులను 5,179 మందిలో పోల్చి 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో, రెండు వర్గాల మధ్య మరణాల్లో తేడా కనిపించలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంటు, బైపాస్‌ మేలనిపించాయి. ఎడమవైపు ప్రధాన నాళంలో పూడిక ఉన్నవారికి, గుండె బాగా బలహీనపడినవారికి ఈ ఫలితం వర్తించదు. కనుక నొప్పి లేకుండా స్థిమితంగా ఉన్న మనిషికి '80 శాతం బ్లాకుంది, ఇప్పుడే వేయించకపోతే ప్రమాదం' అన్న మాట వినబడినప్పుడు, ఇది పోటు తాలూకు అత్యవసరమా, నొప్పి తగ్గించే చికిత్సా అని అడిగే హక్కు రోగికి ఉంది. రెండో అభిప్రాయానికి వారం రోజులు తీసుకుంటే చాలా సందర్భాల్లో నష్టమేమీ ఉండదు. మూడు ప్రధాన నాళాల్లోనూ పూడిక ఉన్నప్పుడు, ముఖ్యంగా మధుమేహం తోడైనప్పుడు, కాలి నుంచో ఛాతీ లోపలి నుంచో తీసిన నాళాన్ని అడ్డంకి దాటేలా అతికే బైపాస్‌ శస్త్రచికిత్స స్టెంట్లకంటే దీర్ఘకాలంలో మెరుగు.

స్టెంటు ధర చరిత్రలో తెలుగు నేలకు చోటుంది. హైదరాబాద్‌ రక్షణ ప్రయోగశాలల్లో పనిచేసిన ఏపీజే అబ్దుల్‌ కలాం, హృద్రోగ నిపుణుడు బి.సోమరాజు కలిసి తక్కువ ఖర్చుతో రూపొందించిన కలాం-రాజు స్టెంటు 1990ల్లో, విదేశీ సరుకు తప్ప గతి లేదనుకున్న రోజుల్లో, దేశంలోనే చేయవచ్చని చూపింది. ధర అసలు దిగింది 2017 ఫిబ్రవరిలో: జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. ఆ పూతకు వాడే మందుల్లో ఒకటైన సిరోలిమస్‌, 1964లో పసిఫిక్‌ మహాసముద్రంలోని ఈస్టర్‌ దీవి నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దొరికింది. స్టెంటు వేసిన చోట కణాలు అతిగా పెరిగి నాళం మళ్లీ ఇరుకు కాకుండా అది అడ్డుకుంటుంది.

అయితే స్టెంటు వేయడంతో జబ్బు నయమైందనుకోవడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. పూడిక ఒక్కచోటనే ఉండదు. బాగుచేసింది ఆ కొమ్మలో ఒకటిన్నర అంగుళాన్ని మించదు. కొత్తగా అమర్చిన లోహాన్ని రక్తం పరాయి వస్తువుగానే చూసి గడ్డకట్టబోతుంది కనుక, ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్‌ లేదా టికాగ్రెలార్‌ వంటి రెండో మాత్రను గుండెపోటు తరువాత సాధారణంగా ఏడాది పాటు వాడమంటారు. పన్ను పీకించుకోవడానికో, దీక్ష తీసుకున్నామనో, ఊరికి వెళుతూ మరిచిపోయో ఈ మాత్రలను వైద్యుణ్ని అడగకుండా ఆపేసినవారిలో స్టెంటు ఒక్కసారిగా మూసుకుపోయి వచ్చే పోటు, మొదటి పోటు కంటే కఠినంగా ఉంటుంది.

[బాక్సు] తన గుండెలోకి తానే
1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె ఆసుపత్రిలో వెర్నర్‌ ఫోర్స్‌మన్‌ అనే యువ వైద్యుడు, పైవారి అనుమతి లేకుండా, తన చేతి సిరలోంచి 65 సెంటీమీటర్ల గొట్టాన్ని తన గుండె దాకా తోసుకుని, అలాగే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి చిత్రం తీయించుకున్నాడు. తోటివారి ఆగ్రహానికి గురైన ఆ పనికి 1956లో నోబెల్‌ బహుమతి పంచుకున్నాడు. అదే దారిలో ఆండ్రియాస్‌ గ్రుంట్జిగ్‌ 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో మొదటి కరోనరీ బెలూను చికిత్స చేశాడు.

కరెంటు తప్పితే

ఫోనుల్లో తిరిగే ఆ దృశ్యాల్లో చాలావరకు కనిపించేది గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్‌ అరెస్టు. గుండెపోటులో నాళం మూసుకుపోతుంది, మనిషికి సాధారణంగా తెలివి ఉంటుంది. కార్డియాక్‌ అరెస్టులో విద్యుత్తు గతి తప్పి జఠరికలు కొట్టుకోవడానికి బదులు కుదురులేకుండా వణుకుతాయి, మెదడుకు రక్తం అందక మనిషి క్షణాల్లో స్పృహ తప్పి పడిపోతాడు. గుండెపోటు ఇలాంటి ఆగిపోవడానికి ముఖ్య కారణమే గాని ఏకైక కారణం కాదు. పుట్టుకతో కండరం మందంగా ఉండటం, లయను పాడుచేసే వంశపారంపర్య లోపాలు కూడా యువకుల్లో దీనికి దారితీస్తాయి, కాబట్టి కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో ఆకస్మికంగా చనిపోయి ఉంటే మిగతావారు ఈసీజీ, గుండె స్కానింగైన ఎకో చేయించుకోవడం అవసరం.

పడిపోయిన మనిషి పిలిస్తే పలకక, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉన్నప్పుడు ముఖం మీద నీళ్లు చల్లడం, చేతిలో తాళాల గుత్తి పెట్టడం, చుట్టూ మూగి ఫోన్లలో తీయడం వల్ల పోయే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తరిగిపోతుంది. ఒకరు 108కు ఫోన్‌ చేస్తుండగా మరొకరు పక్కన మోకరిల్లి, రొమ్ము ఎముక దిగువ సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఛాతీ ఐదు సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. దీన్నే సీపీఆర్‌ అంటారు. 1960లో అమెరికాలోని బాల్టిమోర్‌ వైద్యులు లోకానికి తెలియజేసిన ఈ పద్ధతికి రెండు చేతులు తప్ప ఏ పరికరమూ అక్కర్లేదు. పక్కటెముక విరుగుతుందేమోనన్న భయం సహజమే, ఒక్కోసారి విరుగుతుంది కూడా; విరిగిన ఎముక అతుక్కుంటుంది. రెండు మూడు నిమిషాలకే నొక్కేవారి చేతులు లాగేస్తాయి కాబట్టి మనుషులు మారుతూ, షాక్‌ ఇచ్చే యంత్రం వచ్చేదాకా ఆపకుండా కొనసాగించాలి.

లయ తప్పడమంతా ఇంత భయంకరం కాదు. కర్ణికలు క్రమం లేకుండా అదిరే ఏట్రియల్‌ ఫిబ్రిలేషన్‌లో గుండె దడ, అలసట ఉంటాయి, అసలు ప్రమాదం మాత్రం కర్ణికలో నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరి పక్షవాతం తేవడం; అందుకే రక్తం పలచబరిచే మందులు ఇస్తారు. సంకేతం మరీ నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోయే వారికి భుజం కింద చర్మంలో అమర్చే పేస్‌మేకర్‌ 1958లో స్టాక్‌హోంలో మొదటిసారి ఆర్నె లార్సన్‌ అనే రోగికి పెట్టారు. ఆ మొదటి పరికరం కొద్ది గంటలే పనిచేసింది. ఆయన మాత్రం 26 పరికరాలు మార్చుకుంటూ 86 ఏళ్లు బతికి 2001లో కన్నుమూశాడు.

చిన్ననాటి గొంతునొప్పి, పెద్దనాటి కవాటం

కవాటాల జబ్బులో పేదరికం పాత్ర నాళాల జబ్బులో కంటే స్పష్టంగా కనిపిస్తుంది. ఇరుకిళ్లలో పెరిగే ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్‌ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వచ్చినప్పుడు, దాన్ని ఎదిరించవలసిన శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున కీళ్ల మీద, గుండె మీద కూడా దాడి చేస్తుంది. ఒక కీలు తగ్గి మరో కీలు వాచే ఆ జ్వరం పేరు రుమాటిక్‌ జ్వరం. కీళ్లు మామూలైపోతాయి, కవాటం మాత్రం మచ్చపడి ఏళ్ల తరబడి గట్టిపడుతూ వస్తుంది. ఎడమ గదుల మధ్యనున్న మైట్రల్‌ కవాటం ఇలా ఇరుకైందన్న సంగతి చాలామంది ఆడపిల్లలకు మొదటి కాన్పులోనే తెలుస్తుంది, ఎందుకంటే గర్భంతో శరీరంలో రక్తం పెరిగేసరికి ఆ ఇరుకు తలుపు దాన్ని పంపలేక ఊపిరితిత్తుల్లో నీరు నిలుస్తుంది. గొంతునొప్పి దశలో పెన్సిలిన్‌, జ్వరం ఒకసారి వచ్చినవారికి మూడు వారాలకొకసారి ఏళ్ల పాటు పెన్సిలిన్‌ సూది ఇస్తే ఇదంతా చాలావరకు ఆపగలిగిందే. ఇంత చవక మందుతో తప్పించగల జబ్బుకు ఇరవై ఏళ్ల పిల్ల రొమ్ము కోయించుకోవలసి రావడం కంటే బాధాకరమైనది ఈ రంగంలో మరొకటి లేదు.

ఇరుకైన కవాటాన్ని, దాని తీరు అనుకూలిస్తే, జపాన్‌ వైద్యుడు కాంజి ఇనోవె రూపొందించిన బెలూనుతో తొడ సిరలోంచి వెళ్లి విప్పవచ్చు. పూర్తిగా పాడైతే మార్చాలి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్‌ సంస్థ తయారుచేసి 1990 డిసెంబరులో మొదటిసారి అమర్చిన చిత్ర కవాటం, విదేశీ వాటి కంటే బాగా తక్కువ ధరకు మన దేశపు పేద రోగులకు దక్కింది. లోహపు కవాటం పెట్టినవారు జీవితాంతం రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి, దాని మోతాదును ఐఎన్‌ఆర్‌ అనే రక్తపరీక్షతో సరిచూసుకుంటూ ఉండాలి. పాలకూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరల్లోని విటమిన్‌-కె ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది గనుక, ఆకుకూర మానేయమని చెప్పేవారు ఉన్నారు. మానేయనక్కర్లేదు, ఒక వారం రోజూ తిని మరుసటి వారం ముట్టకుండా ఉండటమే చేటు, ఎప్పుడూ ఒకే పాళంలో తింటే మాత్ర మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. గర్భం దాల్చాలనుకునే స్త్రీ మాత్రం ముందుగానే వైద్యులతో మాట్లాడాలి, ఆ మాత్ర కడుపులోని బిడ్డకు హాని చేయగలదు.

పుట్టుకతో వచ్చే లోపాలు దాదాపు ప్రతి వంద మంది శిశువుల్లో ఒకరికి ఉంటాయి. 'గుండెలో రంధ్రం' అన్న మాట తల్లిదండ్రుల ప్రాణాలు తోడేస్తుంది గాని, జఠరికల మధ్య ఉండే చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి, కర్ణికల మధ్య ఉన్నవాటిలో కొన్నిటిని కోత లేకుండా గొడుగులాంటి పరికరంతో మూయవచ్చు. పాలు తాగుతూ చెమటలు పట్టే శిశువు, బరువు పెరగని బిడ్డ, పరుగెత్తి ఆడుతూ పెదవులు నీలమై మధ్యలో గొంతుకూర్చునే పిల్లవాడు ఎకో పరీక్ష చేయించవలసినవారు. 1991లో మొదలైన పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో ఉచిత శస్త్రచికిత్సలు, 2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాలతో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, 2021లో తిరుపతిలో తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం వల్ల, ఒకప్పుడు పొలం అమ్మితే గాని జరగని ఈ చికిత్సలు తెలుగు పల్లెలకు అందుబాటులోకి వచ్చాయి.

అన్ని దారులూ చేరే చోటు

పోటులో కొంత కండరం చచ్చినా, కవాటం ఏళ్లుగా కారినా, రక్తపోటును పట్టించుకోకపోయినా చివరకు దెబ్బ తగిలేది కండరానికే. వైద్యులు హార్ట్‌ ఫెయిల్యూర్‌ అనే ఈ స్థితికి తెలుగులో 'గుండె వైఫల్యం' అన్న పేరు స్థిరపడటం దురదృష్టకరం, ఆ మాట వినగానే అంతా అయిపోయిందనిపిస్తుంది; గుండె ఆగలేదు, నెట్టే బలం తగ్గింది, అంతే. ఎడమ జఠరిక తనలో నిండిన రక్తంలో ఎంత శాతాన్ని ఒక్కో దెబ్బకు బయటికి నెడుతోందో చెప్పే అంకెను ఇజెక్షన్‌ ఫ్రాక్షన్‌ అంటారు. ఇది 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలు, 40కి తగ్గితే బలహీనత. ఎకో కాగితంలో 60 అని చూసి, నలభై శాతం గుండె చెడిపోయిందని భయపడి కన్నీళ్లు పెట్టుకునే కుటుంబాలు ఉంటాయి. వంద శాతం నెట్టే గుండె ఈ లోకంలో ఏదీ లేదని వారికి ఎవరో ఒకరు చెప్పాలి.

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు పెట్టుకోవడం, అర్ధరాత్రి లేచి కిటికీ దగ్గర కూర్చోవడం, చీలమండ పైన వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పూడకపోవడం దీని ఆనవాళ్లు. ఇప్పుడు దీనికి నాలుగు రకాల మందులు కలిపి వాడుతున్నారు. వాటిలో ఒకటి మధుమేహానికని కనిపెట్టిన ఎస్‌జీఎల్‌టీ-2 రకం మాత్ర, షుగరు లేనివారి గుండెకు కూడా మేలు చేస్తుందని తరువాత తేలింది. ఈ మందులతో కొందరి ఇజెక్షన్‌ ఫ్రాక్షన్‌ నెలల్లోనే పెరగడం వైద్యులు చూస్తున్నారు. మందులతో సమానమైన పని వంటింట్లో ఉంది: రోజుకు ఐదు గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పే మాటే, ఆవకాయ, ఊరమిరపకాయ, అప్పడం, ఎండుచేప లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఈ రోగికి మరీ కష్టమవుతుంది. రోజూ పొద్దున్నే, మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని గోడమీది క్యాలెండరులో రాసుకునే రోగికి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినప్పుడు అది ఒళ్లు కాదు, చేరుతున్న నీరని తెలుస్తుంది. ఆ రోజే ఫోన్‌ చేస్తే మాత్ర మార్పుతో పోయేది, వారం ఆగితే ఐసీయూకు చేరుతుంది.

ఆ కాగితంలో ఏముంది?

క్యాథ్‌ల్యాబ్‌ బయటి బెంచీ మీద కూర్చున్నవారి చేతికి మూడో రోజునో నాలుగో రోజునో డిశ్చార్జి కాగితం వస్తుంది. అది దాదాపు ఎప్పుడూ ఇంగ్లిషులోనే ఉంటుంది. అందులో ఎల్‌ఏడీ అని ఉంటే గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ఎడమ నాళం, ఆర్‌సీఏ అంటే కుడి నాళం, ఎల్‌వీఈఎఫ్‌ పక్కనున్న అంకె నెట్టే బలం, ఎంఆర్‌ అంటే మైట్రల్‌ కవాటం కారడం, ఏఎఫ్‌ అంటే లయ తప్పడం. కిందనున్న మందుల పట్టికలో 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని ఇళ్లలో చాలామందికి తెలుసు. వాటిలో రక్తం పలచబరిచే రెండో మాత్ర ఏ నెల దాకా వేయాలో, కొవ్వు తగ్గించే మాత్రను పరీక్షలో అంకె తగ్గినా ఎందుకు ఆపకూడదో, పన్ను తీయించుకునే ముందు ఎవరికి ఫోన్‌ చేయాలో మాత్రం ఆ కాగితంలో చాలాసార్లు ఉండదు. లక్షల ఖర్చుతో, అంత నైపుణ్యంతో నాళం తెరిచిన ఆసుపత్రి, ఈ మూడు సంగతులనూ రోగి చదువుకోగల తెలుగులో రాసి ఇవ్వడానికి అరపేజీ చాలు. ఇవ్వనిచోట, బిల్లు కట్టి బయటికి వచ్చేముందు అడిగి రాయించుకోవడం ఇంటివారి వంతు.